పోలీసు చేతికి ఏ తుపాకీ ఇవ్వాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్మ్‌డ్ రిజర్వ్ (ఏఆర్)లో కానిస్టేబుల్‌గా చేరి, సగం సర్వీసు ఫైరింగ్ రేంజ్‌లోనూ ఆయుధాల గదిలోనూ గడిపి బయటికొచ్చినవాణ్ని. పెళ్లిలో భోజనాల దగ్గర కూర్చున్నా సరే, నా ఉద్యోగం సంగతి తెలియగానే పక్కాయన అడిగేది ఒక్కటే: “మన పోలీసులకు మంచి తుపాకులు ఎందుకివ్వరండీ?” పప్పు వడ్డించేలోపు చెప్పి ముగించే జవాబు కాదది. అందుకే ఇన్నాళ్లుగా జనం అడిగినవన్నీ ఒకచోట పెట్టి, తీరిగ్గా రాస్తున్నాను.

పోలీసులందరికీ ఒకే తుపాకీ ఉంటుందా?

ఉండదు. ఉండకూడదు కూడా. స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ రాసే హెడ్ కానిస్టేబుల్ పని వేరు. ట్రెజరీ ముందు నిలబడే ఏఆర్ సెంట్రీ పని వేరు. బెటాలియన్ నుంచి ఎన్నికల బందోబస్తుకు పోయేవాళ్లది ఇంకొకటి, అడవిలో కూంబింగ్ చేసే గ్రేహౌండ్స్‌ది మరొకటి. సివిల్ కానిస్టేబుల్ చేతిలో రోజూ ఉండేది లాఠీయే. ఎస్సై నడుముకు పిస్టల్ ఉంటుంది, గార్డు డ్యూటీలో రైఫిల్ ఉంటుంది.

శాఖకు ‘స్టాండర్డ్’ ఆయుధం అంటే ప్రపంచంలోకెల్లా గొప్ప తుపాకీ అని కాదు. ఒక్కో పనికి ఒక్కోటి ఖాయం చేసి, ఆ పని చేసే వాళ్లందరి దగ్గరా అదే ఉండేలా చూడటం. పక్కవాడి మ్యాగజైన్ నా తుపాకీలో పట్టాలి, నా తూటా వాడి తుపాకీలో పేలాలి. బదిలీ మీద వేరే జిల్లాకు పోతే అక్కడ కొత్తగా అక్షరాభ్యాసం చేయాల్సిన పని ఉండకూడదు. ఒకే గార్డులో నలుగురి దగ్గర మూడు రకాల తుపాకులుండటం నేను చూశాను. రాత్రి కరెంటు పోతే ఎవడి తూటాలు ఎవడివో చేత్తో తడిమి తెలుసుకోవాలి.

ఏది కొనాలో ఎవరు తేలుస్తారు? డీజీపీ గారి ఇష్టమేనా?

కాదు. రాజ్యాంగంలో పోలీసు రాష్ట్ర జాబితాలో ఉంది, ఆయుధాలు, మందుగుండు కేంద్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి కావాల్సింది రాష్ట్రానికి, మాట చెల్లేది మాత్రం కేంద్ర హోంశాఖను దాటి వస్తేనే. ఏ ఆయుధానికి ఏ లక్షణాలుండాలో రాసి పెట్టే పని ఎక్కువగా బీపీఆర్ అండ్ డీ చూస్తుంది. 1970లో పెట్టిన పోలీసు పరిశోధనా సంస్థ అది. ఆ కాగితాన్ని శాఖలో అందరూ ‘క్యూఆర్’ అంటారు. బరువెంత, ఎంత దూరం కొట్టాలి, బురదలో ముంచి తీశాక పేలాలా వద్దా, అన్నీ అందులో ఉంటాయి.

డబ్బులో కొంత భాగం పోలీసు ఆధునికీకరణ పథకం కింద వస్తుంది. 1969–70 నుంచీ ఉన్న పథకం ఇది. మన రెండు రాష్ట్రాలకూ కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున పంపకం. తర్వాత శాఖలో అధికారుల బోర్డు కూర్చుంటుంది, ట్రయల్స్ జరుగుతాయి, టెండరు పిలుస్తారు. ఆ బోర్డులో ఆర్మరర్‌కు, అంటే తుపాకులు విప్పి బాగుచేసే మనిషికి, ఒక కుర్చీ వేస్తే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయని నా నమ్మకం. చాలాసార్లు ఆయన్ను టీ తెమ్మని పంపుతారు.

త్రీనాట్‌త్రీ ఇన్నేళ్లు ఎలా బతికింది?

గట్టిది కాబట్టి. .303 లీ-ఎన్‌ఫీల్డ్ పొట్టి రకం బ్రిటిష్ సైన్యంలోకి వచ్చి వందేళ్లు దాటింది. మనకు బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలోనే తయారైంది. దాదాపు నాలుగు కిలోల బరువు, మ్యాగజైన్‌లో పది తూటాలు. ఒక్కోటి కాల్చాక బోల్టు వెనక్కి లాగి ముందుకు తోయాలి. దుమ్ము పడినా, వానలో తడిసినా, పుల్‌త్రూ తాడుకు గుడ్డపీలిక కట్టి బ్యారెల్‌లో నాలుగుసార్లు లాగితే మళ్లీ సిద్ధం. తన్ను మాత్రం గాడిద తన్నే. మొదటిరోజు రేంజ్‌లో భుజం కందిపోయి, రాత్రి బ్యారక్‌లో కొబ్బరినూనె రాసుకోని రిక్రూట్ ఉండడు. తెలివైనవాడు చొక్కా కింద తువ్వాలు మడతపెట్టుకుని వచ్చేవాడు. ఉస్తాద్ కంటపడితే ఆ తువ్వాలు తలమీద పెట్టుకుని గ్రౌండు చుట్టూ పరుగు.

దాని కాలం చెల్లిందని దేశమంతా ఒప్పుకున్నది 2008 నవంబరు 26 రాత్రి. ముంబై సీఎస్‌టీ స్టేషన్‌లో ఏకే-47లతో దిగినవాళ్ల ఎదుట పోలీసుల చేతుల్లో ఉన్నవి లాఠీలు, ఈ పాత రైఫిళ్లు. ఒక్కో తూటాకు బోల్టు లాగేవాడికీ, వేలు నొక్కి పట్టుకుంటే ముప్ఫై తూటాలు వదిలేవాడికీ పోటీ ఏమిటి? అదే రాత్రి గిర్గావ్ చౌపాటీ దగ్గర కసబ్ తుపాకీ గొట్టాన్ని చేతులతో పట్టుకుని తూటాలన్నీ తన ఒంట్లోకి తీసుకున్న ఏఎస్సై తుకారాం ఓంబ్లే దగ్గర ఉన్నది లాఠీ. ఆ తర్వాతే రాష్ట్రాలు కొనుగోళ్లకు పరుగెత్తాయి. అయినా ఉత్తరప్రదేశ్ పోలీసులు .303కు లాంఛనంగా వీడ్కోలు చెప్పడానికి 2020 రిపబ్లిక్ డే పరేడ్ దాకా పట్టింది.

స్టేషన్లలో మస్కెట్ అంటారే, అదేమిటి?

.410 మస్కెట్. పైకి చూస్తే అచ్చం త్రీనాట్‌త్రీలాగే ఉంటుంది. లోపల మాత్రం బ్యారెల్ నున్నగా ఉంటుంది, ఒక్క తూటాయే పడుతుంది. గొట్టంలో మెలితిరిగిన గాడులు లేకపోతే తూటా తిరగదు, తిరగని తూటా ఎక్కువ దూరం తిన్నగా పోదు. తెల్లదొరలు కావాలనే అలా చేశారు. 1857 దెబ్బ తిన్నాక దేశీ సిపాయికి ఒక తరం పాత ఆయుధం ఇవ్వడం వాళ్ల విధానం, పోలీసుకు ఇంకా తక్కువది. ఎవరైనా ఎత్తుకుపోయినా సైన్యం తూటాలు అందులో పట్టకూడదని లెక్క.

దొరలు పోయారు గాని ఆ లెక్క పోలేదు. ఒడిశాలో మావోయిస్టులు 2004 ఫిబ్రవరిలో కోరాపుట్ ఆయుధాగారాన్నీ, 2008 ఫిబ్రవరిలో నయాగఢ్‌నూ లూటీ చేశారు. ఊరి చివర ఇద్దరు సెంట్రీలున్న స్టేషన్‌లో పది ఏకేలు పెట్టడమంటే వాటిని కాపాడటానికి ఇంకో ఇరవై మందిని పెట్టాలి. లేదంటే అవి మనవి కావు.

ఎస్ఎల్ఆర్, ఇన్సాస్, ఏకే: మామూలు పోలీసుకు ఏది మేలు?

ఈ ప్రశ్నకు జవాబు అడిగినవాడి డ్యూటీని బట్టి మారుతుంది.

ఎస్ఎల్ఆర్ అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. దానిది 7.62 ఎంఎం తూటా, ఇత్తడి గొట్టం పొడవు 51 ఎంఎం. 1962 చైనా యుద్ధం నేర్పిన పాఠం తర్వాత మన సైన్యం చేతికి వచ్చింది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలుతుంది, బోల్టు లాగే పనిలేదు. ఇరవై తూటాల మ్యాగజైన్. గురి అద్భుతం. కానీ దాని తూటా సెకనుకు ఎనిమిది వందల మీటర్లకు పైగా పోతుంది. మైదానంలో సైనికుడికి అది వరం. కోఠి సందుల్లో శాపం. ముందున్న మనిషి ఒంట్లోంచి దూసుకెళ్లి, వెనకాల రేకుల తలుపు దాటి, అవతల ఎవరికి తగులుతుందో దేవుడికెరుక.

ఇన్సాస్ మన దేశంలోనే తయారైన 5.56 ఎంఎం రైఫిల్. కార్గిల్ కాలానికి సైన్యంలోకి వచ్చింది. ఎస్ఎల్ఆర్ కంటే ఒక జానెడు పొట్టి, తన్ను తక్కువ, కొత్తవాడికి గురి త్వరగా కుదురుతుంది. అసలు రైఫిల్‌లో సింగిల్, లేదంటే మూడేసి తూటాలు. యంత్రంలా ధారగా కాల్చే మీట లేదు. పోలీసుకు ఇది లోపం కాదు, గుణం. తూటాలెన్ని మిగిలాయో బయటికి కనిపించే ప్లాస్టిక్ మ్యాగజైన్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కిందపడితే పగులుతుంది. జామ్ అవుతుందనీ, నూనె ఎగిరి కళ్లలో పడుతుందనీ సైన్యం నుంచి ఫిర్యాదులు వచ్చాయి. మావోయిస్టు ప్రాంతాల్లో పనిచేసే బలగాలు దాన్ని వదిలేసి ఏకే వైపు మొగ్గింది అందుకే.

ఏకే గురించి తెలుగునాట పిల్లలకు కూడా తెలుసు. 7.62 ఎంఎం తూటాయే గానీ ఇత్తడి గొట్టం 39 ఎంఎంల పొట్టిది, ముప్ఫై తూటాల వంకర మ్యాగజైన్. లోపల భాగాలు వదులుగా ఉంటాయి కాబట్టే బురద, ఇసుక దాన్ని ఆపలేవు. ఆ వదులు వల్లే ఎక్కువ దూరంలో గురి కాస్త చెదురుతుంది.

నా తీర్పు అడిగితే: ట్రెజరీ, కోర్టు, బ్యాంకు గార్డులకు బాగా చూసుకున్న ఇన్సాస్ చాలు. అడవికి ఏకే. ఎస్ఎల్ఆర్‌ను పరేడ్‌కూ, దూరం నుంచి కాపలా కాసే టవర్లకూ ఉంచండి. సిటీలో గస్తీకి వీటిలో ఏదీ సరైనది కాదు.

మరి సిటీకి ఏది?

పిస్టల్ తూటా కాల్చే పొట్టి కార్బైన్. జనం ఇప్పటికీ దీన్ని ‘స్టెన్‌గన్’ అనే అంటారు. మనవాళ్ల చేతుల్లో ఎన్నో ఏళ్లుగా ఉన్నది కాన్పూర్‌లో తయారైన 9 ఎంఎం కార్బైన్. అది ‘ఓపెన్ బోల్ట్’ పద్ధతి, అంటే కాల్చడానికి సిద్ధంగా ఉన్నప్పుడు బోల్టు వెనకాలే ఆగి ఉంటుంది. సేఫ్టీ పెట్టకుండా కింద పడేస్తే ఆ కుదుపుకే పేలే ప్రమాదం ఉంది. మంత్రిగారి వెనక జీపులో కూర్చున్న గన్‌మన్ కాళ్ల మధ్య దాన్ని పెట్టుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడే.

దాని స్థానంలోకి రావడానికి డీఆర్‌డీవో వాళ్ల జేవీపీసీ అనే కార్బైన్ సిద్ధమైంది. 2020 డిసెంబరులో ట్రయల్స్ పూర్తిచేసుకుంది. మూడు కిలోల బరువు, ఒక చేత్తో కూడా కాల్చవచ్చు. చిక్కల్లా దాని తూటాయే. 5.56కు 30 ఎంఎం అనే ప్రత్యేక కొలత, ఇంకెందులోనూ పట్టదు. రేపు ఆ తూటా సరఫరా ఆగితే తుపాకీ కర్రతో సమానం. ఇంకొకటి మన హైదరాబాద్‌లోనే తయారవుతోంది: లోకేష్ మెషీన్స్ వాళ్ల ‘అస్మి’. మామూలు 9 ఎంఎం తూటా, రెండున్నర కిలోల లోపు బరువు. 2024లో సైన్యం ఉత్తర కమాండ్‌కు 550 కొన్నారు. తూటా ఒకటే అయితే పిస్టల్‌కూ దీనికీ ఒకే పెట్టె. స్టోర్ చూసేవాడికి ఇంతకంటే సుఖం లేదు.

పిస్టల్‌కు 9 ఎంఎం సరిపోతుందా? ఇంకా పెద్ద తూటా వద్దా?

అమెరికా వాళ్లు ముప్ఫై ఏళ్లు తిరిగి తిరిగి మొదటి చోటికే వచ్చిన కథ ఇది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐకీ ఇద్దరు బ్యాంకు దొంగలకూ కాల్పులు జరిగాయి. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఒక దొంగకు మొదట్లోనే తగిలిన 9 ఎంఎం తూటా గుండెకు కొద్ది దూరంలో ఆగిపోయింది, వాడు ఇంకా కాలుస్తూనే ఉన్నాడు. తప్పంతా తూటాదేనని తేల్చి 10 ఎంఎంకు వెళ్లారు. అది తన్నే తన్నుకు సగం మంది గురి పాడైంది. దాన్ని కుదించి .40 తెచ్చారు. 2010ల మధ్యకు మళ్లీ 9 ఎంఎంకే వచ్చేశారు. తూటా తయారీ ఈలోగా మెరుగైంది, తన్ను తక్కువ, మ్యాగజైన్‌లో ఒకటి రెండు తూటాలు ఎక్కువ పడతాయి, అన్నిటికీ మించి మామూలు మనిషి దాంతో గురిచూసి కొట్టగలడు.

తగలని పెద్ద తూటా కంటే తగిలిన చిన్న తూటా నయం. మన దగ్గర 9 ఎంఎం ఎప్పటినుంచో ఉంది, దాన్ని కదిలించే పనిలేదు.

రివాల్వర్ పూర్తిగా పోయిందా? గ్లాక్ ఎందుకంత పేరు?

రివాల్వర్‌లో ఆరే తూటాలు, ట్రిగ్గర్ బరువు. కానీ ఒకటి పేలకపోతే మళ్లీ నొక్కితే పక్క గది వస్తుంది, చేయాల్సిందేమీ లేదు. ఏడాదికొకసారి తుపాకీ ముట్టుకునే పెద్దాయనకు ఇప్పటికీ అదే క్షేమం. ఇషాపూర్‌లో తయారయ్యే 9 ఎంఎం ఆటో పిస్టల్ పాత బ్రౌనింగ్ నమూనా. పదమూడు తూటాలు, మొత్తం ఇనుము, నడుముకు కడితే సాయంత్రానికి తుంటి నొప్పి. ఆస్ట్రియా గ్లాక్ 17లో పదిహేడు తూటాలు, ప్లాస్టిక్ ఒళ్లు, ఖాళీగా ఉంటే ముప్పావు కిలో కూడా ఉండదు.

గ్లాక్‌కు బొటనవేలితో నొక్కే సేఫ్టీ మీట లేదు. ట్రిగ్గర్ మధ్యలో చిన్న నాలుకలాంటిది ఉంటుంది, దాన్ని కూడా కలిపి నొక్కితేనే పేలుతుంది. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టే అలవాటున్నవాడికి ఇది బంగారం. అలవాటు లేనివాడు ఒరలోంచి తీస్తూ తన తొడకే కాల్చుకుంటాడు. ఆ భయంతోనే న్యూయార్క్ పోలీసులు గ్లాక్ ట్రిగ్గర్‌ను రెట్టింపుకు పైగా బరువు చేయించారు. రెండున్నర కిలోల బలంతో నొక్కాల్సింది ఐదు కిలోల పైకి పోయింది. అంత గట్టిగా నొక్కితే చెయ్యి వణుకుతుంది, గురి తప్పుతుంది. 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ముందు ఇద్దరు పోలీసులు ఒక హంతకుడిపై పదహారు తూటాలు కాలిస్తే, పోలీసు తూటాలూ వాటి తునకలూ తగిలి దారినపోయే తొమ్మిది మంది గాయపడ్డారు. అదంతా ట్రిగ్గర్ వల్లే అనను. శిక్షణతో నయం చేయాల్సిన జబ్బుకు స్ప్రింగు వేస్తే ఇంకో జబ్బు వస్తుందని మాత్రం అంటాను.

అయితే తుపాకీ కొనేముందు మొదట చూడాల్సింది ఏమిటి?

ఏటా ఒక్కో మనిషి చేత ఎన్ని తూటాలు కాల్పించగలరు? ఇదే మొదటి ప్రశ్న, నా దృష్టిలో ఆఖరి ప్రశ్న కూడా. తుపాకీ కొనడం పెళ్లి ఖర్చులాంటిది, తూటాలు సంసారం ఖర్చు. పెళ్లి ఘనంగా చేసి సంసారానికి అప్పు చేసే శాఖలే ఎక్కువ.

నేను ఉద్యోగం చేసిన ఒకచోట ఏడాదికొకసారి రేంజ్. యాభైకి దగ్గరపడ్డ ఒక కానిస్టేబుల్ వచ్చి చాప మీద బోర్లా పడుకున్నాడు. ఎన్నేళ్లయిందన్నా కాల్చి అంటే వేళ్లు లెక్కపెట్టి ఊరుకున్నాడు. ఆయన చేతికి ఐదు తూటాలే ఇచ్చాం. మిగిలినవి వచ్చే ఏడాదికి దాచాలి. మొదటి తూటాకు రెండు కళ్లూ మూసేశాడు. మూడోదానికి గానీ ఒక కన్ను తెరవలేదు. అయిదోదానికి ఊపిరి బిగపట్టడం గుర్తొచ్చింది, అది కాస్త టార్గెట్ అంచుకు తగిలింది. ఇంకో పాతిక ఇస్తే ఆయన కుదురుకునేవాడు. ఆ పాతిక లేవు. ఆయన చేతిలో ఉన్నది ఏ కంపెనీ తుపాకీ అయితే ఏం?

ట్రయల్స్‌లో ఏం చూడాలి?

కంపెనీవాళ్లు తెచ్చిన షూటర్‌తో కాల్పించకండి. వాడు ఊడిపోయిన నాటు తుపాకీతో కూడా పది పాయింట్లు కొడతాడు. మీ జిల్లాలోంచి లాటరీ తీసి ఇరవై మందిని పిలవండి, అందులో రైటర్లూ డ్రైవర్లూ ఉండాలి. వాళ్లతో కాల్పించండి.

మిగతావి క్యూఆర్‌లో ఉంటాయి: ఎత్తు నుంచి పడేయడం, ఇసుక, నీళ్లు, ఎండ. రామగుండం మే నెల ఎండలో జీపు లోపల రెండు గంటలుంచిన తుపాకీని ఒట్టిచేత్తో పట్టుకోగలమా? విశాఖ తీరంలో ఉప్పుగాలికి నెల్లాళ్లలో ఎక్కడెక్కడ తుప్పు పట్టింది? విప్పి, తుడిచి, మళ్లీ బిగించడానికి ఎన్ని నిమిషాలు, చిన్న పిన్నులు ఎన్ని? పిన్ను రాలి గడ్డిలో పడితే వెతికేది కంపెనీవాడు కాదు. స్పేర్ పార్టులు పదేళ్లపాటు ఇస్తామని టెండర్‌లో రాయించుకోండి. ఒక స్ప్రింగు లేక పెట్టెలో పడున్న విదేశీ తుపాకుల్ని నేను నా చేతుల్తో తుడిచాను.

మహిళా కానిస్టేబుళ్లకు వేరే తుపాకులు కావాలా?

వేరేవి అక్కర్లేదు, సరిపడేవి కావాలి. తెలంగాణలో సివిల్ పోలీసు ఉద్యోగాల్లో 33 శాతం మహిళలకే. ఎత్తు కనీసం 152.5 సెంటీమీటర్లుంటే చాలు. ఎస్ఎల్ఆర్ పొడవు 114 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. నేల మీద నిలబెడితే దాదాపు ఆమె భుజాన్ని అందుకుంటుంది. బట్ భుజానికి ఆనించి ట్రిగ్గర్ అందుకోవాలంటే మెడ సాగదీయాలి, గురి ఎలా కుదురుతుంది? పొట్టి బట్ ఉన్న రైఫిల్, పిడి వెనక పలకలు మార్చుకునే పిస్టల్ ఇస్తే సమస్య ఉండదు. చెయ్యి చిన్నదైన మగవాడికీ ఇదే వర్తిస్తుంది, కాకపోతే వాడు సిగ్గుపడి చెప్పడు. గురిలో ఆడపిల్లలు వెనకబడరు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు కాబట్టి రిక్రూట్లలో మొదటి నెలలో వాళ్లవే మంచి గ్రూపులు, అంటే తూటాలన్నీ దగ్గర దగ్గరగా, పడేవి.

గుంపులను చెదరగొట్టడానికి ఏ తుపాకీ సరైనది?

తూటా తుపాకీ ఏదీ కాదు. గుంపును చెదరగొట్టే అధికారం గురించి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ)లో ఉన్న సెక్షన్లే 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 148 మొదలుకొని ఉన్నాయి. అవసరమైనంత బలమే వాడాలి. హెచ్చరిక, లాఠీ, బాష్పవాయువు, ఆ తర్వాతే మిగతావి. బాష్పవాయువు గుండ్లు తయారుచేసే యూనిట్ గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో బీఎస్ఎఫ్ నడుపుతుంది. చిల్లర గుండ్లు వెదజల్లే పెల్లెట్ గన్ ప్రాణం తీయదన్న పేరుతో కశ్మీర్‌లో వాడితే కళ్లు పోయినవాళ్లు ఎందరో.

పోలీసు కాల్పులంటే బషీర్‌బాగ్ 2000లో, ముదిగొండ 2007లో. ఈ పేర్లు తెలుగువాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. బందోబస్తుకు వెళ్లే లారీలో ఏ ఆయుధాలు ఎక్కించారో అక్కడే సగం కథ రాసేసినట్టు. గ్యాస్ గన్ తక్కువై రైఫిళ్లు ఎక్కువైతే, రాళ్లు పడ్డప్పుడు చేతికి అందేది రైఫిలే.

పోలీసు తుపాకీ ఎవరి చేతిలో ఉందో లెక్క ఎలా?

ప్రతి తుపాకీకి ఒంటి మీద నంబరు ఉంటుంది, రిజిస్టర్‌లో సంతకం ఉంటుంది. తూటాలు లెక్కపెట్టి ఇస్తారు, లెక్కపెట్టి తీసుకుంటారు. రేంజ్‌లో కాల్చినా సరే, ఇత్తడి ఖాళీలు అప్పజెప్పాలి. సాయంత్రం ఒక్క ఖాళీ తగ్గితే బెటాలియన్ అంతా గడ్డిలో మోకాళ్ల మీద వెతకడం ప్రతి ఏఆర్ మనిషికీ తెలిసిన సీను. ఒకసారి మాకు అది దొరికింది కుక్క నోట్లో.

ఎదురుకాల్పుల్లో ఎవరైనా చనిపోతే ఆ లెక్కకు ఇంకో అర్థం వస్తుంది. 2014లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు పెట్టిన మార్గదర్శకాల ప్రకారం కాల్చిన పోలీసులు తమ ఆయుధాలను పరీక్షకు అప్పగించాలి. బ్యారెల్ లోపలి గాడులు తూటా మీద వేసే గీతలు వేలిముద్రల్లాంటివి. అందుకే నంబర్లు చెరిగిపోయిన, రిజిస్టర్‌లో ఒకరి పేరుతో ఉండి ఇంకొకరు మోసే ఆయుధాలు శాఖకు ఉరితాళ్లు.

మనిషిని కూడా పరీక్షించాలా?

తప్పకుండా. 2023 జులై 31న జైపూర్–ముంబై రైల్లో ఒక రైల్వే రక్షక దళం (ఆర్పీఎఫ్) కానిస్టేబుల్ తన సర్వీసు తుపాకీతో తన పైఅధికారినీ, ముగ్గురు ప్రయాణికులనూ కాల్చి చంపాడు. నిద్రలేని డ్యూటీలు, ఇంట్లో గొడవలు, తాగుడు గార్డు కమాండర్‌కు ముందే తెలుస్తాయి. అలాంటివాడి చేతిలోంచి రైఫిల్ తీసి లాఠీ ఇస్తే శిక్షలా చూడకూడదు. మా రోజుల్లో శిక్షలాగే చూసేవాళ్లు, అందుకే ఎవరూ చెప్పేవారు కాదు.

తుపాకులన్నీ ఒక్కసారే మొరాయించడం నిజంగా జరుగుతుందా?

జరిగింది. 2019 ఆగస్టులో బిహార్‌లోని సుపౌల్‌లో మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా అంత్యక్రియల్లో ప్రభుత్వ లాంఛనాల కోసం 22 రైఫిళ్లు ఎత్తారు. ఒక్కటీ పేలలేదు. టీవీల్లో దేశమంతా నవ్వింది, నాకు నవ్వు రాలేదు. ఇలాంటి మాట వినగానే ఆర్మరర్ బుర్రలో మెదిలేవి మూడు: తేమ పట్టిన పాత తూటాలు, సత్తువ తగ్గిన స్ప్రింగు, గ్రీజు గడ్డకట్టిన ఫైరింగ్ పిన్ను. మూడూ ఆయుధాల గదిలో కనిపెట్టదగ్గవే.

ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు పోలీసు తుపాకీ కొనుక్కోవచ్చా?

కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం పోలీసు వాడే 9 ఎంఎం పిస్టల్ నిషిద్ధ బోరు, అంటే మామూలు లైసెన్సు మీద ఇవ్వని గొట్టం కొలత. మామూలు లైసెన్సు మీద దొరికేవి .32 లాంటివి.

కొత్త తుపాకులు వచ్చాక మొదట చేయాల్సింది?

దసరాకు ఆయుధపూజ ఎలాగూ చేస్తారు. ఏఆర్ గ్రౌండ్‌లో తెల్లదుప్పటి పరిచి, వరసగా తుపాకులు పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేసి, ఎస్పీ గారు గుమ్మడికాయ కొడతారు. మంచిదే. మరునాడు పొద్దున ఆర్మరర్‌కు పని ఉంటుంది. కుంకుమ గురి చూసే వెనక గాడిలో పడుతుంది, పసుపు నూనెతో కలిసి బోల్టు మీద జిగురవుతుంది. సన్న బ్రష్షూ, కిరసనాయిలూ, పాత బనీను పీలికా తీసుకుని ఒక్కోటీ విప్పి తుడవాలి. మా ఆర్మరర్ పూజరోజు బొట్టు బ్యారెల్‌కు కాకుండా బట్ మీదే పెట్టమని పంతులుగారిని ముందే బతిమాలుకునేవాడు.